అప్‌డేట్: 7 వేలలో కారు స్టీరియో, చివరికి ఏది పెట్టించానంటే

మా పాత కారుకి 7 వేలలోపు ఏ స్టీరియో పెట్టించాలని పోయిన నెల అడిగాను కదా, పని అయిపోయింది. సగం మంది పెద్ద టచ్‌స్క్రీన్ ఆండ్రాయిడ్ సెట్ తీసుకోమన్నారు. షాపులో చవకది ఒకటి చూశాను. అది ఆన్ అయి పాట మొదలయ్యేలోపు షాపతను టీ తాగేశాడు! పైగా మా డ్యాష్‌బోర్డ్‌లో ఉన్నది సింగిల్ డిన్ ఖాళీ, అంటే సన్నటి మామూలు సెట్ పట్టే చోటు, ఎత్తు 5 సెంటీమీటర్లే. పెద్ద స్క్రీన్ కోసం డ్యాష్‌బోర్డ్ కోయించడానికి మనసొప్పలేదు.

బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న మామూలు సెట్టే తీసుకున్నాను. అట్టపెట్టె మీద ఛానెల్‌కి (ఒక్కో స్పీకర్ లైన్‌కి) 50 వాట్లని ఉంటుంది గానీ అది పీక్ లెక్క, అంటే ఒక్క క్షణం మాత్రం ఇవ్వగలిగేది. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే పవర్, చూస్తే ఇరవై చిల్లర. మిగిలిన డబ్బుతో ముందు డోర్ల స్పీకర్లు మార్పించాను. అసలు తేడా అక్కడే తెలిసింది.

ఒక్కటే తలనొప్పి. కారు ఆపిన ప్రతిసారీ టైమూ, ఎఫ్ఎం స్టేషన్లూ చెరిగిపోయేవి. సెట్టే పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తీసి చూస్తే బిగించినతను పసుపు, ఎరుపు వైర్లు తారుమారు చేశాడు. పసుపు దాంట్లో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉండాలి, ఎరుపు దాంట్లో తాళం తిప్పితేనే రావాలి. మార్చాక బాగానే ఉంది.

ఇప్పుడు ఫిర్యాదల్లా వెనక సీట్లోంచి అమ్మది: "సౌండ్ తగ్గించరా!"