కాణీ మీద ఈ తేడా అచ్చుదా, అరుగుదలదా?

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట)
మా అమ్మమ్మగారి భోషాణంలో 1858 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణాలు, అంటే ఆవిడ కాణీలని పిలిచిన రాగి నాణేలు, రెండు దొరికాయి. ఒకదానిపై ఆకుల దండలోని కొమ్మలు జంట ఆకులతో ముగుస్తుండగా, రెండవదానిపై ఒంటి ఆకుతోనే ముగుస్తున్నాయి. బంగారు కొట్టులో తూయిస్తే మొదటిది 6.3 గ్రాములు, రెండవది 5.9 గ్రాములు వచ్చింది. బరువు తగ్గినదానిలోనే ఆకు లేకపోవడంతో అది అరిగిపోయిందని అనుకుంటున్నాను. ఆ నాణెంపై దండ నుంచి అంచు వరకు సన్నని గీత కూడా ఉంది. పెద్దలు వివరించగలరు.

జవాబు (విజయవాడ, గవర్నరుపేట)
అయ్యా, 1835 చట్టం ప్రకారం పావు అణా బరువు 100 గ్రెయిన్లు, అంటే దాదాపు 6.48 గ్రాములు, కనుక మీ రెండవ నాణెం బాగా చేతులు మారిందన్నది నిజమే. అయితే అరుగుదల ఎత్తుగా ఉన్న చోటును ముందుగా తింటుంది, పక్కనే అంతే ఎత్తున్న ఆకులను వదిలి ఒక్క ఆకును మాత్రమే ఎత్తుకుపోదు. భూతద్దంతో, వెలుతురు పక్కవాటుగా పడేలా పట్టుకొని చూడండి. పొరుగు ఆకుల ఈనెలు ఇంకా తెలుస్తూ, రెండవ ఆకు ఉండవలసిన చోట నేల నున్నగా ఉంటే, ఆ ఆకు అచ్చులోనే, అంటే నాణెంపై బొమ్మను ముద్రించే దిమ్మెలోనే, లేదని అర్థం. 1858 కాణీల్లో జంట ఆకు, ఒంటి ఆకు రెండూ గుర్తింపు పొందిన రకాలే. గీత ఉబ్బెత్తుగా ఉంటే అది అచ్చు బీటవారిన గుర్తు, లోతుగా ఉంటే తరువాత పడిన గీరు.

మరొక జవాబు (విజయవాడ)
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతాను. అచ్చు గుంటలో జిడ్డు, మురికి పేరుకున్నా అక్కడి బొమ్మ లేవదు. అది అరుగుదలా కాదు, కొత్త రకమూ కాదు. అందుకే దండలోని రెండు కొమ్మల చివరలనూ పోల్చి చూడాలి. ఒకవైపే ఆకు లోపిస్తే పూడిన అచ్చును అనుమానించాలి. దయచేసి ఇత్తడి బిందెలను తోమినట్టు చింతపండుతో మాత్రం తోమకండి, ఆ పులుపు రాగి పైపొరను తినేసి, మనం వెతుకుతున్న ఈనెలనే చెరిపేస్తుంది.

ప్రశ్న అడిగినవారు
రెండు చివరలా ఒంటి ఆకే ఉంది, పక్క ఆకుల ఈనెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, గీత ఉబ్బెత్తుగానే ఉంది. జంట ఆకు నాణేన్ని మాత్రం నిన్ననే చింతపండుతో తోమాను, అందుకు చాలా బాధగా ఉంది. ఒంటి ఆకు నాణెం జోలికి ఇంక పోను.