వీనస్ ఫ్లైట్రాప్: చలికాలంలో ఫ్రిజ్‌లో పెట్టాలా, అక్కర్లేదా?

శ్రావణి_కూకట్‌పల్లి
అందరికీ నమస్కారం. సైన్సు పుస్తకంలో పురుగుల్ని తినే మొక్కల పాఠం వచ్చినప్పటి నుంచి మా పాపకు వీనస్ ఫ్లైట్రాప్ కావాలని ఒకటే గోల. వానాకాలంలో ఆన్‌లైన్‌లో తెప్పించి తూర్పు బాల్కనీలో పెట్టాం. వచ్చినప్పుడు ట్రాప్‌లు, అంటే పురుగుల్ని పట్టే ఆకు కొసలు, లోపల ఎర్రగా, బొటనవేలి గోరంత ఉండేవి. ఇప్పుడు కొత్తగా వచ్చేవి కందిగింజంత కూడా లేవు. పాతవి ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. ఫిల్టర్ నీళ్లే పోస్తున్నాను, ఎరువు వేయలేదు. నవంబర్ నుంచి మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాలని ఒక వీడియోలో చెప్పారు. మన దగ్గర ఆ అవసరమే లేదని ఇంకొకరన్నారు. కూరగాయల పక్కన మట్టి కుండీ ఏమిటని మా అత్తయ్యగారు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

సుధారాణి_మిద్దెతోట
పెట్టాలి శ్రావణి గారూ. ఈ మొక్క పుట్టిల్లు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా తీరప్రాంతం. విల్మింగ్టన్ ఊరి చుట్టూ దాదాపు 150 కిలోమీటర్ల లోపే అది సహజంగా పెరిగేది. అక్కడ జనవరి రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి, పగటి పొద్దు పది గంటలే. ఆ చలి, ఆ చిన్న పొద్దు చూసుకుని మొక్క ఎదగడం ఆపేస్తుంది, దుంపలో బలం దాచుకుని పడుకుంటుంది. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో కూడా పగలు 28 డిగ్రీలు, రాత్రి 14, 15. పొద్దు పదకొండు గంటలు. నిద్రపోయే వీలెక్కడ?

నల్లబడిన ఆకులు కత్తిరించండి. దుంపను కుండీలోంచి తీసి కడిగి, తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ మాస్‌లో (ఒక రకం నాచు) చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. ముందు ఒకసారి ఫంగిసైడ్ చల్లండి, లేకపోతే బూజు పడుతుంది. మధ్యమధ్యలో తీసి చూస్తుండాలి. ఫిబ్రవరిలో మళ్లీ నాటుకోవచ్చు. కవర్లోనే ఉంటుంది కాబట్టి అత్తయ్యగారికి మట్టి బెడద కూడా ఉండదు.

నెల్లూరు_మూర్తి
ఏమీ అక్కర్లేదమ్మా. మా మిద్దె మీద రెండు ఎండాకాలాలు దాటిన మొక్క ఉంది. ఫ్రిజ్ ముఖం చూడలేదు. మా ఊళ్లో చలికాలం అంటే రాత్రి ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే. అయినా బతికే ఉంది. భయపడి దుంప పీకితే దానికే దెబ్బ.

ప్రసాద్_బెజవాడ
ఫ్రిజ్ సంగతి తర్వాత. "ఫిల్టర్ నీళ్లు" అన్నారు, దాని టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాలు ఎంత? చాలా ఆర్వో మెషిన్లలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతారు. మనకు మంచిదే, ఈ మొక్కకు కాదు. 50 పీపీఎమ్ (లీటరుకు 50 మిల్లీగ్రాములు) లోపు ఉండాలి. ముందు మీటర్ పెట్టి చూడండి.

సుధారాణి_మిద్దెతోట
మూర్తి గారూ, బతికే ఉంది సరే. కొన్నప్పుడు ట్రాప్ ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది? పూర్తి చలికాలం దొరకని మొక్క ఏడాదికేడాది చిన్నదవుతూ వస్తుంది, ఒక ఎండాకాలం చూసి పోతుంది. ఒక్కరోజులో చావదు కాబట్టి బాగానే ఉందనుకుంటాం.

నెల్లూరు_మూర్తి
చిన్నదైంది. అయితే ఏంటి? ఈగల్ని పడుతోంది, కొత్త ఆకులు వేస్తోంది. చావడమంటే ఆకులు వేయడం ఆగిపోవడం. మీరేమో బతికున్నదాన్ని పట్టుకుని చచ్చిపోతోంది అంటున్నారు.

ఆదిలాబాద్_రవి
మా దగ్గరికి పంపించండి మేడమ్, చలి ఎంత కావాలంటే అంత ఇస్తాం. చలిగాలులు వచ్చినప్పుడు పది డిగ్రీల లోపే ఉంటుంది.

వరంగల్_బోటనీ_సర్
పాప ట్రాప్‌లో వేలు పెడుతోందా? అది ముందు ఆపండి. లోపల ఉండే సన్నటి వెంట్రుకల్ని ఇరవై సెకన్ల లోపు రెండుసార్లు తాకితేనే ట్రాప్ మూసుకుంటుంది. గాలికి ఎగిరొచ్చిన పుల్ల తగిలితే మూసుకోకుండా అది దాని ఏర్పాటు. మూసుకున్నాక లోపల పురుగు గింజుకుంటూ ఇంకా తాకుతూ ఉంటేనే జీర్ణరసం ఊరడం మొదలవుతుంది. ఐదో తాకిడి దగ్గర ఆ పని మొదలవుతుందని జర్మనీ శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. చచ్చిన ఈగను వేసి వదిలేస్తే అందుకే పని జరగదు. ఊరికే మూయించినప్పుడల్లా ఆకు శక్తి వృథా. ఒక్కో ట్రాప్ జీవితకాలంలో కొన్నిసార్లే మూసుకోగలదు, తర్వాత నల్లబడుతుంది. కాబట్టి పాత ఆకులు నల్లబడటం ఒక్కటే చూసి జబ్బని అనుకోకూడదు.

శ్రావణి_కూకట్‌పల్లి
అవును సర్, స్నేహితులు వచ్చినప్పుడల్లా చూపిస్తూ ఉంటుంది. ఈరోజే చెబుతాను. ప్రసాద్ గారూ, మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన దగ్గర మీటర్ ఉంటే అడిగి చూశాను. ఫిల్టర్ నీళ్లు 110, బోరు నీళ్లు 900 పైన చూపించింది.

ప్రసాద్_బెజవాడ
చూశారా! ఫ్రిజ్ గురించి ఇంత పెద్ద వ్యాసాలు రాశారు కానీ నీళ్లు ఎవరూ అడగలేదు. ట్రే అడుగున నీళ్లు పోసి ఉంచితే మొక్క పీల్చుకుంటుంది, ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మట్టిలోనే మిగిలిపోతుంది. నెలనెలా పేరుకుంటుంది. వాన నీళ్లు పట్టుకోండి, లేకపోతే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఏ మట్టిలో పంపారు?

శ్రావణి_కూకట్‌పల్లి
గోధుమరంగు పీచులాగా ఉంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అనుకుంటా.

ప్రసాద్_బెజవాడ
సరిగ్గా కడగని కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. పీట్ మాస్ (కుళ్లి ఎండిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) సగం సగం కలిపి మార్చాలి.

సుధారాణి_మిద్దెతోట
ప్రసాద్ గారూ, నీళ్లు ముఖ్యం కాదని నేనెక్కడన్నాను? నీళ్లు మార్చినా నిద్ర లేకపోతే నిలవదు. ఆవిడ అడిగింది ఫ్రిజ్ గురించి.

ప్రసాద్_బెజవాడ
110 టీడీఎస్‌తో నీరసించిన దుంపను ఫ్రిజ్‌లో పెడితే అక్కడే కుళ్లుతుంది. దాచుకున్న బలం ఉన్న మొక్కే నిద్ర తట్టుకుంటుంది. మీ సలహా విని పోతే ఎవరు బాధ్యులు?

కడియం_కుర్రాడు
అన్నా, మేడమ్, చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. మాది కడియం, తాతల నాటి నుంచి నర్సరీ. మేం ఈ మొక్క తెప్పించి అమ్ముతాం. ల్యాబ్‌లో టిష్యూ కల్చర్‌లో, అంటే చిన్న మొక్క ముక్క నుంచి, వేలకొద్దీ తయారవుతుంది. ఇంట్లో పెట్టుకున్నన్నాళ్లు పెట్టుకుని సరదాపడతారు, పోతే ఇంకొకటి. చామంతి కుండీ కొని పువ్వులయ్యాక పక్కన పెట్టేయడం లేదా? దానికెవరూ చర్చ పెట్టరు. కొత్తగా మొదలుపెట్టిన ఆవిడకు టీడీఎస్, ఫంగిసైడ్ అని టెన్షన్ పెట్టి మొక్కలంటేనే విసుగు పుట్టిస్తున్నారు.

సుధారాణి_మిద్దెతోట
మీరు వచ్చి మంచి పని చేశారు. ఒక ఎగ్జిబిషన్‌లో నర్సరీ స్టాల్ దగ్గర నేను ఇదే మొక్క కొన్నాను. ఎలా చూసుకోవాలని అడిగితే పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్ వేయమన్నాడు. ఈ మొక్క వేళ్లకు పోషకాలు పడవు. పోషకాలు లేని ఇసుక, పీట్ నేలలో పెరుగుతుంది కాబట్టే పురుగుల్ని పట్టుకునే తెలివి దానికి వచ్చింది. ఎరువేస్తే వేళ్లు మాడిపోతాయి. నాది మాడిపోయింది. ఫోన్ చేస్తే "ఇంకోటి కొనుక్కోండి మేడమ్" అన్నాడు. మీరిప్పుడు రాసింది కూడా అదే మాట.

కడియం_కుర్రాడు
ఆయనెవరో చెప్పిందానికి నన్నంటే ఎలా? మాకూ ఉన్నాయి బాధలు. వారం రోజులు ట్రే ఎండబెట్టి "మీ మొక్క చచ్చింది, డబ్బులు వాపసివ్వు" అంటారు. చికెన్ ముక్క వేసి ట్రాప్ కుళ్లిపోయాక ఫొటో పంపి తిడతారు. ఆ తిట్లు ఎవరు తింటున్నారు? మీరు గుంపులో కూర్చుని నర్సరీలన్నీ మోసమని రాస్తే సరిపోతుందా?

నెల్లూరు_మూర్తి
సుధారాణి గారికి ప్రతిదీ హత్యలాగే కనిపిస్తుంది. నా మొక్కనూ చంపేశారు.

సుధారాణి_మిద్దెతోట
మూర్తి గారూ, ట్రాప్ సైజు అడిగితే ఇంతవరకు చెప్పలేదు మీరు.

వంశీ_నార్త్‌కరోలినా
నేను ఉత్తర కరోలినాలోని కేరీ ఊళ్లో ఉంటాను. విల్మింగ్టన్ దగ్గర కరోలినా బీచ్ స్టేట్ పార్కులో ఫ్లైట్రాప్ ట్రైల్ అని ఒక దారి ఉంది. పోయిన జూన్‌లో మా నాన్నగారిని తీసుకెళ్లాను. ఎక్కడో వేలాడుతూ పెద్దగా ఉంటాయనుకున్నారాయన. కూర్చుని చూస్తే గానీ కనపడలేదు. పైన్ చెట్ల మధ్య తడి ఇసుక, గడ్డి, ఆ గడ్డి మొదట్లో నేలకు ఆనుకుని ఉన్నాయి. నీడ అసలు లేదు, నడినెత్తిన ఎండ. కాబట్టి శ్రావణి గారి తూర్పు బాల్కనీ ఎండ సరిపోదని నాకనిపిస్తోంది, ట్రాప్‌లు చిన్నవవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

జనవరిలో వెళ్తే ఆకులు నేలకు అతుక్కుని, చాలావరకు నల్లబడి ఉంటాయి. పైన మంచు పేరుకున్నా మళ్లీ మార్చిలో చిగురు వస్తుంది. ఇక్కడ కాలం అలా మారుతుంది కాబట్టి సుధారాణి గారన్న నిద్ర నిజమే. ఇంకో మాట. ఇక్కడి అడవిలో దీన్ని తవ్వుకుపోయేవాళ్లు ఎక్కువై, 2014 నుంచి ఉత్తర కరోలినాలో ఆ దొంగతనాన్ని జైలుశిక్ష పడే పెద్ద నేరం చేశారు.

కడియం_కుర్రాడు
మేం అమ్మేవి అడవిలోవి కాదు. అది స్పష్టంగా రాయండి అన్నా, లేకపోతే మేం దొంగలమనుకుంటారు.

వంశీ_నార్త్‌కరోలినా
నిజమే, ల్యాబ్ మొక్కలు కొంటే అడవికి నష్టం లేదు. నేను మిమ్మల్ని అనలేదు.

సుధారాణి_మిద్దెతోట
అడవికి నష్టం లేదు, ఒప్పుకుంటాను. నా గొడవ అది కాదు. సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతికే మొక్క ఇది. మీరు దాన్ని మూడు నెలల సరుకుగా అమ్ముతున్నారు, కొన్నవాళ్లకు ఆ సంగతి చెప్పడం లేదు. చామంతి కొన్నావిడకు పువ్వులు ఎన్నాళ్లుంటాయో తెలుసు. ఈ మొక్క చచ్చిపోతే ఆ పిల్ల తన చేతివల్లే పోయిందనుకుంటుంది. ఎన్ని ఇళ్లలో చూశానో. కుండీకి చిన్న చీటీ కట్టండి: వాన నీళ్లు, ఎరువు వద్దు, నిండు ఎండ, చలికాలంలో చల్లదనం కావాలి. నాలుగు ముక్కలు.

కడియం_కుర్రాడు
మేడమ్, సూటిగా చెబుతాను. ఫ్రిజ్‌లో పెట్టాలి అని చీటీ కడితే ఎవరూ కొనరు. నాకు మొక్క మీద ప్రేమ లేదనుకోకండి. మా షెడ్డులో ఏప్రిల్‌లో గ్రీన్ నెట్ కింద పెట్టి, మధ్యాహ్నం ట్రే నీళ్లు మార్చి వీటిని కాపాడుకునేది నేనే. మా తోటలో పనిచేసే వాళ్ల కూలీ ఈ అమ్మకాల మీదే వెళ్లాలి. పిల్లలు ఒక ఈగ పట్టుకోవడం చూసి చప్పట్లు కొడతారు చూడండి, మూడు నెలలైనా ఆ సంతోషం విలువైనదే అంటాను. రేపు వాళ్లే బోటనీ చదువుతారేమో. ఇరవై ఏళ్లు ఉంచగలిగినవాళ్లే కొనాలంటే ఎవరు కొంటారు? ఆర్వో, ఏసీ, రెండో ఫ్రిజ్ ఉన్నవాళ్లేనా?

సుధారాణి_మిద్దెతోట
నాకు రెండో ఫ్రిజ్ లేదు. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటాను. డబ్బున్నవాళ్లే పెంచాలని నేననలేదు, చెప్పి అమ్మమంటున్నాను. తెలిసి కొన్నవాళ్లు మూడు నెలలే ఉంచుకున్నా అది వాళ్ల ఇష్టం.

కడియం_కుర్రాడు
నీళ్లు, ఎండ, ఎరువు వద్దు అని చీటీ కడతాను. ఫ్రిజ్ మాట రాయను. అడిగితే చెబుతాను.

సుధారాణి_మిద్దెతోట
మొదటిసారి కొనేవాళ్లకు అడగాలని ఎలా తెలుస్తుంది?

తిరుపతి_లత
మన వాతావరణానికి తగింది కావాలంటే డ్రోసెరా బర్మానీ పెంచండి. మన కొండల్లో సహజంగా పెరిగేదే, జిగురు ఆకులతో చిన్న పురుగుల్ని పడుతుంది. ఫ్రిజ్ గోల లేదు. కానీ కొండ మీద నుంచి పీక్కురాకండి, విత్తనాలు తెచ్చి వేసుకోండి.

శ్రావణి_కూకట్‌పల్లి
అందరికీ థాంక్స్. పీట్ మాస్, పెర్లైట్ ఆర్డర్ పెట్టాను. వాచ్‌మన్‌ను అడిగి కుండీ పైన టెర్రస్ మీదకు మారుస్తున్నాను. ఫ్రిజ్ ఈ ఏడాదికి వద్దనుకుంటున్నా, ప్రసాద్ గారన్నట్టు దుంపకు ముందు బలం రావాలి. సుధారాణి గారూ, వచ్చే నవంబర్‌కు ఉంటే మీరు చెప్పినట్టే మాస్‌లో చుట్టి పెడతాను.

సుధారాణి_మిద్దెతోట
కనీసం రాత్రిళ్లు బాగా చల్లగా ఉండే చోట పెట్టండి. జనవరిలో పూకాడ వస్తే కత్తిరించండి, ఉన్న కాస్త బలం దానికే పోతుంది.

నెల్లూరు_మూర్తి
నా మొక్క ఫొటో రేపు పెడతాను. చూసి చెప్పండి చచ్చిందో బతికిందో.

ప్రసాద్_బెజవాడ
స్కేలు పక్కన పెట్టి తీయండి. ట్రే నీళ్ల టీడీఎస్ కూడా రాయండి.

శ్రావణి_కూకట్‌పల్లి
ప్రసాద్ గారూ, చివరగా ఒకటి. ఏసీ నుంచి కారే నీళ్లు కొలిస్తే 14 వచ్చింది. పోయొచ్చా?

ప్రసాద్_బెజవాడ
పోయొచ్చు. కాయిల్ క్లీనింగ్ చేసిన వారం మాత్రం పట్టకండి, అందులో కెమికల్ ఉంటుంది.