అప్‌డేట్: మామిడి మొక్కకు జాగ కుదిరింది

మొన్న అడిగిన కదా, నల్లగొండల మా ఇంటెనక సంపుకూ కాంపౌండ్ గోడకూ మధ్యల మామిడి పెట్టొచ్చా అని, చానమంది వద్దన్నరు. తోటలు చేసే మా మామ గూడ వచ్చి చూసి అదే చెప్పిండు, చెట్టు పెద్దగైతే కొమ్మలు పక్కింటి రేకుల మీద పడతయ్, సంపుకు పగులుంటే వేర్లు తేమకు అటే పోతయ్ అని. అందుకే బోరు అవతల ఖాళీ జాగల పెట్టినం, సంపుకు 25 అడుగుల దూరం, 3 అడుగుల గుంత, మాగిన పశువుల ఎరువు కలిపి.

ఇంకో మూలకు గోడకు 10 అడుగులు వదిలి మన బత్తాయి పెట్టిన, అది మామిడంత పెరగది. అంటు కట్టిన చోటు మట్టిల మునగకుండ జానెడు పైకే ఉంచిన, నీళ్ళు మొదలుకు తగలకుండ చుట్టూ పాది తీసిన, బత్తాయికి మొదట్ల తడి నిలిస్తే బంక కారే తెగులొస్తది, ఇది మాత్రం మర్వకుండ్రి. సలహా ఇచ్చినోళ్ళందరికి మస్తు థ్యాంక్స్.