పలక మీద "పిల్లలతో చేయించలేదు" అని ముద్ర ఉంటే సరిపోతుందా?

ఒంగోలు స్టేషనరీ

నాకు ఒంగోలులో చిన్న స్టేషనరీ షాపు ఉంది. దసరాకి, శ్రీపంచమికి ముందు అక్షరాభ్యాసాల కోసం మార్కాపురం పలకలు బాగా అమ్ముడుపోతాయి. పోయిన వారం హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ పాప అక్షరాభ్యాసానికి వచ్చే పిల్లలకు పంచడానికి 200 పలకలు కావాలన్నారు. రేటు కుదిరింది. ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అడిగారు: "ఇవి పిల్లలతో పని చేయించకుండా తయారు చేసినవే అని సర్టిఫికెట్ ఏదైనా ఉందా అండీ? ఏదో ఒక కాగితం ఉంటేనే తీసుకుంటాను."

నా దగ్గర అలాంటిదేమీ లేదు. నాకు సరుకు వేసే ఆయన్ని అడిగితే, "పలకల్లో ఇప్పుడు పిల్లలెవరున్నారమ్మా, అదంతా పాతకాలం" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ అమ్మేవాడి మాటే సాక్ష్యం అని ఆవిడకి ఎట్లా చెప్పను? నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఆవిడ అడిగింది తప్పు అని నాకు అనిపించలేదు.

మన పలకలకే కాదు, మన ఒంగోలు, నెల్లూరు వైపుల నుంచి బయటికి పోయే ప్రతి సరుకుకీ ఇలాంటి ముద్ర ఉండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కావలి లా స్టూడెంట్

ఉండి తీరాలి అక్కా. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. తివాచీల పరిశ్రమలో పిల్లలను పెట్టి నేయిస్తున్నారని గొడవ జరిగినప్పుడు, పిల్లల హక్కుల కోసం పోరాడే కైలాస్ సత్యార్థి లాంటివాళ్ళు 1994లో రగ్‌మార్క్ అనే ముద్ర తెచ్చారు. ఒక్కో తివాచీకి ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు పట్టుకుంటే అది ఏ మగ్గం మీద నేసిందో తెలుస్తుంది. తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు చెప్పకుండా వస్తారు. పిల్లలు దొరికితే బడిలో చేర్పించే బాధ్యత కూడా తీసుకుంటారు. 2009 నుంచి దాని పేరు గుడ్‌వీవ్. తివాచీకి చేయగలిగింది పలకకు ఎందుకు చేయలేం?

చట్టం ఉంది కదా అంటారు కొందరు. రాజ్యాంగంలో 24వ అధికరణం మొదటి నుంచీ ఉంది, 1986లో బాల కార్మిక చట్టం వచ్చింది, 2016లో దాన్ని సవరించి 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదన్నారు. అయినా పిల్లలు పనిలో కనిపిస్తూనే ఉన్నారు. కొనేవాళ్ళు అడిగితేనే అమ్మేవాళ్ళకు పట్టింపు వస్తుంది.

రొయ్యల ప్లాంట్, నెల్లూరు

నేను రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో క్వాలిటీ విభాగంలో పదేళ్ళ పైనుంచి చేస్తున్నాను. సర్టిఫికెట్ ఎట్లా వస్తుందో దగ్గరగా చూసినవాడిని కాబట్టి రాస్తున్నాను.

మా సరుకు అమెరికా పోతుంది. అక్కడ బీఏపీ అనే సర్టిఫికెట్ అడుగుతారు. దానికి నక్షత్రాలుంటాయి. ప్లాంటు, చెరువు, హేచరీ, మేత మిల్లు, ఈ నాలుగూ పాసైతే నాలుగు నక్షత్రాలు. కూలీల వయసు కూడా అందులో చూస్తారు. నేను పని చేసిన చోట్ల ఆడిట్ తేదీ ముందే తెలిసేది. రెండు వారాల ముందు నుంచి అందరికీ టెన్షన్. ప్రతి ఒక్కరి ఆధార్ జిరాక్స్ ఫైల్లో పెడతాం. ఆ రోజు ఆడిటర్ వస్తారు, ఫైళ్ళు తిరగేస్తారు, నలుగురైదుగురు ఆడవాళ్ళను పక్కకు పిలిచి మాట్లాడతారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఆ ఒక్కరోజు చూసినదానికి ఏడాది పొడుగునా ముద్ర. పైగా ఆ ఆడిట్‌కి డబ్బు కట్టేది ఎవరిని చూడటానికి వచ్చారో వాళ్ళే.

ఇదివరకు నేను పని చేసిన ఒక చోట కాంట్రాక్టర్ ఒక అమ్మాయిని తెచ్చాడు. ఆధార్ ప్రకారం 19 ఏళ్ళు. రొయ్యలు ఒలిచే బల్ల దగ్గర నిలబడితే అది ఆ పిల్ల ఛాతీ దాకా వచ్చేది. ప్లాస్టిక్ క్రేట్ ఒకటి బోర్లించుకుని దాని మీద నిలబడి ఒలిచేది. ఆడిట్ రోజు ఆ పిల్లకు సెలవిచ్చారు. క్రేట్ కూడా తీసేశారు. నాకు తెలుసు, నేను నోరు విప్పలేదు. ఆ సర్టిఫికెట్ కింద చెకింగ్ లిస్టులో నా సంతకం ఉంది. ఇది ఇక్కడ రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ముద్ర వద్దు అనను. కానీ ముద్ర ఉంది కదా అని కళ్ళు మూసుకుని కొనేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

నెల్లూరు అమ్మ

అన్నా, మీరు చెప్పింది చదివి కడుపులో దేవినట్టయింది. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి ఆడిట్ సరిగా జరగాలి అని తేలుతుందే గానీ ఆడిట్ వద్దని తేలదు కదా? తేదీ చెప్పకుండా రండి అని అడుగుదాం. డబ్బు మధ్యలో ఇంకెవరైనా కట్టేట్టు అడుగుదాం. ఏ ముద్రా లేకపోతే నేను కొట్లో నిలబడి ఏం చూసి ఎంచుకోవాలి?

బ్యారన్ రైతు, కొండపి వైపు

పట్నాల్లో కొనేవాళ్ళు ఒక సంగతి ఆలోచించాలి. నేను పొగాకు వేస్తాను. కంపెనీ తరఫున ఫీల్డ్ స్టాఫ్ మా చేలకు వచ్చారు. పిల్లలను చేలోకి రానివ్వొద్దు, తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి వాంతులు, తల తిరగడం వస్తాయి అని చెప్పారు. అది నూటికి నూరు పాళ్ళూ నిజం. మంచు పడ్డ పొద్దున ఆకు కొట్టిన రోజు నాకే వాంతులయ్యాయి, ఇంక పిల్లల సంగతి చెప్పాలా? నా ఇద్దరు పిల్లలనూ ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్ ఛాయలకు కూడా రానివ్వను.

కానీ కంపెనీ పుస్తకంలో సంతకం నా చేత పెట్టించుకున్నారు. పిల్లలు లేరని హామీ నాది, దొరికితే తప్పు నాది. వేలం కేంద్రంలో నా బేలు దగ్గరకొచ్చేసరికి, ఈ రైతు పిల్లలతో చేయించలేదు అని కిలోకి ఒక్క రూపాయి ఎక్కువ పాడినవాడు లేడు. ఆకు అల్లకానికి, అంటే కోసిన ఆకును కర్రలకు అల్లే పనికి, అంతా పెద్దవాళ్ళనే పెట్టుకుంటే కూలీ పెరుగుతుంది. పెరగాలి కూడా. ఆ పెరిగినది ఎవరు పెట్టుకోవాలి? తన చేతికి పాపం అంటకూడదు అనుకునేవాడు ఆ ఖర్చులో కొంత భరించాలి. హైదరాబాద్ మేడమ్ గారు పలకకు ఐదు రూపాయలు ఎక్కువ ఇస్తానన్నారా అక్కా?

ఒంగోలు స్టేషనరీ

లేదన్నా. రేటు తగ్గించమనే అడిగారు. నేను తగ్గించాను కూడా.

మార్కాపురం, పాత పలకల కార్మికుడు

నేను ఆ పలకల్లో పని చేసినవాడినే. 1987లో నాకు తొమ్మిదేళ్ళు.

గని నుంచి వచ్చిన రాయిని పెద్దవాళ్ళు ఉలి పెట్టి పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు. మిషన్ మీద కొలతకు కోసేవాళ్ళు. మేము, అంటే పిల్లలం, కోసిన పలకను రుద్ది నునుపు చేయడం, చెక్క చట్రంలో బిగించడం, ఎండకు పేర్చడం చేసేవాళ్ళం. మిషన్ పక్కనే కూర్చునేవాళ్ళం. సాయంత్రానికి కనురెప్పల వెంట్రుకలు బూడిద రంగుకు తిరిగేవి. ఇంటికి పోగానే మా అమ్మ కొంగు తడిపి రెప్పలు తుడిచేది. గట్టిగా తుడిస్తే కంట్లో గరగరమనేది. రోజుకు వందల పలకలు నా చేతుల మీదుగా పోయేవి. వాటి మీద ఒక్క అక్షరం రాయడం అప్పటికి నాకు రాదు.

తనిఖీ జీపు వస్తుందని ముందే కబురు వచ్చేది. వెనక గోడ దూకి కంపచెట్లలో కూర్చునేవాళ్ళం. జీపు పోయాక మళ్ళీ పనిలోకి. కొన్నాళ్ళకి మా యజమానికి భయం ఎక్కువై పిల్లలను లోపలికి రానివ్వడం మానేశాడు. మంచిదే కదా అనుకుంటారు. చట్రాలు బిగించే పని ఇళ్ళకే ఇచ్చాడు, వందకు ఇంత అని. అప్పుడు మా ఇంట్లో నేను, మా చెల్లి, మా అమ్మ ముగ్గురం దీపం పెట్టుకుని రాత్రి కూడా చేశాం. ఆ రోజు ఎవరైనా ఫ్యాక్టరీకి వచ్చి చూసి ఉంటే పిల్లలెవరూ లేరని సర్టిఫికెట్ రాసిచ్చేవాళ్ళు. వాళ్ళు రాసింది అబద్ధం కూడా కాదు.

నేను బయట పడింది వేరే దారిలో. 1988లో కేంద్రం జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మిర్జాపూర్ తివాచీలతో పాటు మా మార్కాపురం పలకలు కూడా ఆ మొదటి జాబితాలోనే ఉన్నాయి. పనిలో ఉన్న పిల్లలకు ప్రత్యేక బడి పెట్టారు. చదువు, మధ్యాహ్నం అన్నం, నెలకు 100 రూపాయలు. మా నాన్న బడికి పంపనని మొండికేశాడు. బడి పంతులమ్మ మా ఇంటికి నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి మా నాన్నతో లెక్క మాట్లాడింది: వీడు తెచ్చే కూలీ ఎంత, మేమిచ్చేది ఎంత, మధ్యాహ్నం వీడి అన్నం ఖర్చు మిగిలితే ఎంత. ఆ లెక్క కుదిరాక పంపాడు. చెల్లికి ఆ లెక్క కుదరలేదు. తను ఇంట్లోనే చట్రాలు బిగించింది. ఈ రోజుకీ సంతకం వేలిముద్రే.

అందుకే అక్కా, పలక మీద ముద్ర వేస్తామంటే నాదొక్కటే ప్రశ్న. ఆ ముద్ర కోసం పని మానేసిన పిల్ల మర్నాడు పొద్దున ఎక్కడుంటుంది? దానికి జవాబు ఉన్న ముద్ర అయితే నేను కూడా సంతోషంగా కొంటాను.

కావలి లా స్టూడెంట్

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కొనేవాళ్ళు అడిగితే చాలన్నట్టు పైన రాశాను, అది మార్చుకుంటున్నాను.

బంగ్లాదేశ్‌లో కూడా ఇట్లాగే జరిగింది. 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్, పిల్లలతో చేయించిన సరుకు దిగుమతి చేసుకోకూడదని బిల్లు పెట్టారు. అది పాస్ కూడా కాలేదు. ఆ భయానికే అక్కడి బట్టల ఫ్యాక్టరీలు వేలమంది పిల్లలను ఒక్కసారిగా తీసేశాయి. యూనిసెఫ్ దాదాపు 50,000 మంది అని రాసింది. వాళ్ళలో కొందరు రాళ్ళు కొట్టే పనికి, కొందరు అంతకన్నా ఘోరమైన చోట్లకు పోయారు. ఆ తర్వాత 1995లో ఫ్యాక్టరీల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ అయిన ఐఎల్‌ఓ, యూనిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. బడిలో చోటు చూపించాకే పిల్లను పనిలోంచి తీయాలి, నెలనెలా కొంత డబ్బివ్వాలి అని. పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ ఫుట్‌బాల్స్ విషయంలో 1997లో ఒప్పందం జరిగింది. ఇళ్ళలో కుట్టడం తగ్గించి సెంటర్లకు మార్చారు, తనిఖీ సులువని. ఇల్లు వదిలి సెంటర్‌కు పోలేని ఆడవాళ్ళు ఆ పని పోగొట్టుకున్నారు.

కానీ అన్నా, ఒక్క మాట. కొనేవాళ్ళు గొడవ చేయకపోతే 1995 ఒప్పందం వచ్చేదా? మీ చెల్లిగారి దగ్గరకు ఆ బడి చేరలేదు. ఆవిడకు ముద్ర కూడా చేరలేదు. రెండూ చేరాలని అడగడమే సరైనది అనుకుంటున్నాను.

కనిగిరి వైపు టీచర్

మీరంతా ఫ్యాక్టరీ గోడల మధ్యే మాట్లాడుతున్నారు. సంక్రాంతి అయ్యాక మా బడి హాజరు పట్టీ చూడండి. పోయిన ఏడాది ఐదో తరగతిలో 22 మందికి 9 మందే ఉన్నారు. మిగతావాళ్ళు అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. వానలు లేని ఈ పడమటి మండలాల్లో మూడు నెలలు ఊరే ఖాళీ. పిల్లను ఎవరి దగ్గర వదిలిపోతారు? అమ్మ పక్కనే ఉంటుంది, అమ్మ గంపలోకి తనూ నాలుగు కాయలు కోస్తుంది. బరువును బట్టి కూలీ ఇచ్చే చోట ఆ నాలుగు కాయలు కూడా లెక్కే. ఆ పిల్ల పేరు ఏ మస్టర్‌లోనూ ఉండదు. ఆ మిరపకాయ కారం పొడి అయి, ప్యాకెట్ అయి, మీ ఇంటికి వచ్చాక దాని మీద మీరు ఏ ముద్ర వేస్తారు?

ప్రపంచం మొత్తం మీద 2024లో 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారని ఐఎల్‌ఓ, యూనిసెఫ్ లెక్క. అందులో 61 శాతం వ్యవసాయంలోనే. 2016 సవరణలో బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయం చేయవచ్చని వదిలేశారు. ఆ సందులోంచి చాలా దూరిపోతాయి.

మాకు పని చేసినది ఒకటుంది. వలస పోయే పిల్లల కోసం ఊళ్ళోనే సీజనల్ హాస్టల్ నడిపిన ఏడాది ఆ తరగతిలో ఇద్దరే తగ్గారు. నిధులు ఆలస్యమైన ఏడాది పదముగ్గురు పోయారు. ముద్రకు పెట్టే డబ్బు నా చేతిలో పెడితే ఆ హాస్టల్ జనవరి ఒకటో తేదీకే తెరుస్తాను.

బ్యారన్ రైతు, కొండపి వైపు

టీచర్ గారూ, మీరు చెప్పిన మూడు నెలలు మా దగ్గర కూడా ఆకు అల్లకం రోజులే. మీ పడమటి ఊళ్ళ నుంచి మా వైపూ వస్తారు. వాళ్ళ వెంట పిల్లలు వస్తారు. చెట్టుకు కట్టిన ఉయ్యాల ఊపుతూ ఒక ఎనిమిదేళ్ళ పిల్ల కనిపిస్తుంది ప్రతి ఏడూ. అది పనో కాదో నాకు తెలియదు గానీ ఆ పిల్ల బడిలో లేదు. మా ఊరి బడిలో ఆ మూడు నెలలకు చేర్చుకుంటారా అని రేపు హెడ్‌మాస్టర్‌ని అడుగుతాను.

మార్కాపురం, పాత పలకల కార్మికుడు

ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడు మా వైపు పలకల్లో నాకు పిల్లలు కనిపించడం లేదు, ఆ సరుకు వేసే ఆయన మాట వరకు నిజమే. కానీ మిషన్ పక్కన దుమ్ము పోలేదు. అక్కడ ఇప్పుడు కూర్చుంటున్నది పెద్దవాళ్ళు. నాతో పాటు పని చేసినవాళ్ళలో దగ్గుతో, ఆయాసంతో పోయినవాళ్ళున్నారు. పిల్లలు లేరు అని ముద్ర వేసేటప్పుడు అక్కడి ఆడవాళ్ళ మూతికి కట్టిన చీర కొంగు కూడా చూడాలి.

ఒంగోలు స్టేషనరీ

అందరికీ నమస్కారం. ఆ మేడమ్ గారికి నిన్న ఫోన్ చేశాను. నా దగ్గర సర్టిఫికెట్ లేదు, ఉందని అబద్ధం చెప్పలేను అన్నాను. పలకలు ఎక్కడ తయారయ్యాయో ఆ యూనిట్ పేరు, ఊరు చీటీ మీద రాసి ప్రతి కట్ట మీదా అంటిస్తాను, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు, ముందు నేను వెళ్ళి చూసి వస్తాను అన్నాను. తగ్గించిన రేటు వెనక్కి తీసుకుంటున్నాను అని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంద తీసుకుంటాను అన్నారు, 200 కాదు. మిగతా వందకి నేను చూసొచ్చింది విన్నాక చెప్తారట.

మార్కాపురం అన్నా, ఈ ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. సరుకు వేసే ఆయనకు ముందుగా చెప్పలేదు. మీరు బస్టాండు దగ్గరకు రాగలరా?

మార్కాపురం, పాత పలకల కార్మికుడు

వస్తానమ్మా. ముందు ఫ్యాక్టరీకి పోదాం, తర్వాత వెనక వీధికి. చట్రాలు ఇప్పటికీ ఇళ్ళకు ఇస్తున్నారు. మా చెల్లి ఇల్లు అక్కడే.