నాన్న బాప్తిస్మం తీసుకోలేదు, ఇప్పుడు మాట పడిపోయింది. ఇది తీర్పేనా?

తెనాలి_పెద్దమ్మాయి:

అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మ వాళ్ళది లూథరన్ కుటుంబం. నాన్న క్రిస్మస్‌కి కొత్త చొక్కా వేసుకుని గుడికొస్తాడు, కానుక వేస్తాడు, ప్రేమవిందులో సాంబారు బకెట్ ఎప్పుడూ ఆయన చేతిలోనే. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనం. సర్టిఫికెట్ కోసం. మాది ఎస్సీ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకుంటే ఆ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సీలోకి మారతాం. "పిల్లల చదువులు కానీ, తర్వాత చూద్దాం" అనేవాడు. నా చదువయింది, ఉద్యోగమొచ్చింది. తమ్ముడూ స్థిరపడ్డాడు. ఆ తర్వాత అనేది రాలేదు.

సంక్రాంతి వెళ్ళాక పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు, మాట పోయాయి. మనుషుల్ని గుర్తుపడతాడు, నవ్వుతాడు, కోపమొస్తే ఎడం చేత్తో గ్లాసు తోసేస్తాడు. అమ్మ ఈ మధ్య వెళ్తున్న వేరే ప్రార్థన గుంపు వాళ్ళు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. అంతవరకు సంతోషమే. పోతూ పోతూ వరండాలో అమ్మతో, "ఇన్నేళ్ళు దేవుణ్ణి వాయిదా వేశాడు, అందుకే దేవుడు నోరు మూశాడు. జెకర్యాకు అలాగే చేశాడు. ఇప్పుడైనా నీళ్ళలో ముంచితే లేస్తాడు, లేకపోతే నరకమే" అన్నారు. అప్పట్నుంచి అమ్మ సరిగా అన్నం తినట్లేదు.

నా టెన్షన్ ఇంకొకటి. ఆయన తీసుకోనిది మాకోసమే కదా. నా ఉద్యోగానికి ఆయన రక్షణ పోయిందా? ఈ జబ్బు నిజంగా తీర్పేనా? మాట రాని మనిషికి ఇప్పుడు బాప్తిస్మం ఇప్పించవచ్చా? తెలిసినవాళ్ళు వాక్యం చూపించి చెప్పండి. "దేవుడు చూసుకుంటాడులే" అని మాత్రం అనకండి, అది చాలామంది అన్నారు.

ఒంగోలు_రిటైర్డ్_మాస్టారు:

అమ్మా, నేను బాప్టిస్టుని. ముంచడమే సరైన పద్ధతి అని నమ్మేవాణ్ణి. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

జెకర్యా దగ్గరికే వద్దాం. ఆయన బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి, ముసలితనంలో బిడ్డ పుడతాడన్న మాట నమ్మలేదు. లూకా మొదటి అధ్యాయంలో అతని నోరు మూసుకుపోతుందని చెప్పింది గబ్రియేలు దూత. ఎందుకో చెప్పాడు, ఎప్పటిదాకానో కూడా చెప్పాడు. బిడ్డ పుట్టి, పేరు యోహాను అని పలక మీద రాయగానే మాట వచ్చింది. మీ వరండాలో మాట్లాడినవాళ్ళకు ఏ దూత వచ్చి చెప్పాడట? బీపీ ఉన్న మనిషికి మెదడులో రక్తనాళం పూడితే దానికి గబ్రియేలు అక్కర్లేదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే ప్రశ్న: వీడు పాపం చేశాడా, వీణ్ణి కన్నవాళ్ళా? యోహాను 9లో యేసు రెండూ కాదన్నాడు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది పోయినప్పుడు, వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే చెప్పాడు. దాచకుండా చెప్పాలంటే అక్కడ ఇంకో మాట కూడా ఉంది: మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు. అంటే తీర్పు లేదనలేదు. వినేవాళ్ళు తమ సంగతి చూసుకోవాలన్నాడు. పోయినవాళ్ళ మీద లెక్క కట్టే పని ఎవరికీ ఇవ్వలేదు. సర్వం పోగొట్టుకుని పుండ్లతో కూర్చున్న యోబు పక్కన ఆయన స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి "నీలో ఏదో పాపం ఉంది" అని దేవుడి తరఫున వాదించారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది వాళ్ళమీదే, 42వ అధ్యాయం.

ఇప్పుడు మా ఊరి సంగతి. 1876–78 కరువు, మా పెద్దలు ధాత కరువు అనేవారు. చచ్చిన వాళ్ళలో పేద మాలమాదిగలే ఎక్కువ. కరువు తీర్పే అయితే కరణాలూ షావుకార్లూ అంత పుణ్యాత్ములా? ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వాళ్ళకు పని పెట్టాడు, కూలి ఇచ్చాడు. జనం గుంపులుగా బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఆకలితో అడిగేది దేవుణ్ణో అన్నాన్నో తేలదని సాయం పనులు నడిచినంతకాలం ఆపేశాడు. పనులు ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఈ లెక్క మా సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన ఆపిన ఆ నెలలే గొప్ప.

అందుకే అంటున్నాను, "ముంచితే లేస్తాడు" అనేది బేరం. దానికోసం అయితే ఇప్పించకండి. నాన్న స్వయంగా కోరితే మీ లూథరన్ అయ్యగారు మంచం దగ్గరే నీళ్ళు చిలకరించి ఇస్తారు. మా పద్ధతి కాదు, అయినా నేను వచ్చి పక్కన నిలబడి ఆమేన్ అంటాను.

మెలకువ_ప్రార్థన:

మాస్టారూ, జబ్బు తీర్పని నేనూ అనను. కానీ అసలు విషయం తేలిక చేస్తున్నారు. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును", మార్కు 16:16. మనుషుల ముందు నన్ను ఎరుగనన్నవాణ్ణి నేనూ ఎరుగనంటాను అని మత్తయి 10లో ఉంది. సర్టిఫికెట్ కోసం ఆగడం ఎరుగనన్నట్టు కాదా? మా ఇంట్లో మేం బీసీ-సీ రాయించుకున్నాం. మా అన్నకు సీటు పోయింది. ఆ బాధ ఏంటో మాకు తెలుసు.

ఒంగోలు_రిటైర్డ్_మాస్టారు:

తమ్ముడూ, మీ ఇంటివాళ్ళు చెల్లించిన ధరకు నమస్కారం. దాన్ని తక్కువ చేయను. కానీ ఆ వచనం రెండో సగం కూడా రాయాల్సింది: "నమ్మని వానికి శిక్ష విధింపబడును". శిక్ష అక్కడ నమ్మనందుకు, నీళ్ళు తగలనందుకు కాదు. యేసు పరదైసు మాటిచ్చిన సిలువ మీద దొంగ ఏ నదిలోనూ దిగలేదు. ఇక ఎరుగనన్న మాటకొస్తే, పేతురు మూడుసార్లు అన్నాడు, అదీ చలిమంట కాచుకుంటూ. ఆయనకే యేసు తన గొర్రెల్ని, అంటే తన జనాన్ని, అప్పగించాడు. ఈయన ఎరుగననలేదు, ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి బకెట్ మోశాడు. పిల్లల అన్నానికీ దేవుడికీ మధ్య గీత గీసిన ఆ ఉత్తర్వు ఆయన రాసింది కాదు.

నైట్‌డ్యూటీ_నర్సు:

అక్కా, నేను ఖమ్మంలో స్టాఫ్ నర్సుని, మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్కులం. ప్రాణం మీదికొస్తే ఎవరైనా నీళ్ళు పోసి త్రిత్వం పేరున జ్ఞానస్నానం ఇవ్వొచ్చని మా సభ నేర్పుతుంది. పెద్దవాళ్ళయితే వాళ్ళు కోరుకుని ఉండాలి. కోరిక ఉండి అందకుండా పోయినవాళ్ళకు ఆ కోరికే రక్షణ ఇస్తుందని కూడా నేర్పుతుంది. మీ అమ్మగారికి ఇది చెప్పండి.

ఇంకొకటి, వైద్యం సంగతి. పక్షవాతంలో మాట పోయినవాళ్ళు కొందరు అవునూ కాదూ తారుమారుగా ఊపుతారు. ఒక్కసారి తలూపగానే తీర్మానించుకోకండి. ముందు "నీ పేరు ఫలానానా" లాంటివి అడిగి చూడండి. తర్వాత అదే ప్రశ్న తిప్పి, వేరే పూట అడగండి. పక్కన జనం వద్దు. స్పీచ్ థెరపీ మొదలుపెట్టారా? మొదటి నెలలు పోనివ్వకండి.

తెనాలి_పెద్దమ్మాయి:

అందరికీ థాంక్స్. చెల్లెమ్మ చెప్పినట్టు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తిప్పి తిప్పి అడిగాను. యేసు నీ ప్రభువా అంటే రెండుసార్లూ ఎడం చెయ్యి పైకెత్తాడు. బాప్తిస్మం ఇప్పుడు కావాలా అంటే రెండుసార్లూ కాదన్నాడు. మంచంలో వద్దా, నడిచి గుడికెళ్ళి తీసుకుంటావా అంటే చెయ్యి ఎత్తాడు. మా అయ్యగారికి చెబితే, ఆయన ఇష్టప్రకారమే ఆగుదామన్నారు. థెరపీకి తీసుకెళ్తున్నాం. అమ్మ రాత్రి రెండు ముద్దలు తింది.

ఆ గుంపు వాళ్ళు శుక్రవారం టబ్బుతో సహా వస్తామని ఫోన్ చేశారు. అమ్మకు మొహమాటం. ఏమని చెప్పాలి?

ఒంగోలు_రిటైర్డ్_మాస్టారు:

శుక్రవారం థెరపీ ఉందని చెప్పండి. లేకపోతే పెట్టించుకోండి.