మగ్గం గదికి 35 ఎంఎం లెన్స్ తీసుకోనా, 50 తీసుకోనా?

జాండ్రపేట కుర్రాడు:
మాది చీరాల పక్కన జాండ్రపేట. ఇంట్లో గుంట మగ్గం ఉంది. నాన్న నేస్తారు, అమ్మ నూలు కండెలు చుడుతుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఊరెళ్లినప్పుడల్లా వాళ్ల పని ఫొటోలు తీస్తున్నాను. కెమెరా నికాన్ డీ5600, దాంతో వచ్చిన 18-55 లెన్స్.

సమస్యంతా వెలుతురుతోనే. గదికి ఒకటే కిటికీ, నాన్నకు ఎడమ పక్కన. కాస్త జూమ్ చేస్తే లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు), ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా సున్నితత్వం, 6400కి ఎక్కుతుంది. నూలు పోగులు విడివిడిగా కనిపించాల్సిన చోట మసక ముద్ద. ఫ్లాష్ వేస్తే నాన్న పని ఆపేసి కెమెరా వైపు చూసి నవ్వుతారు. అది ఇక రేషన్ కార్డు ఫొటోనే.

ఒక్క ప్రైమ్‌కే, అంటే జూమ్ లేని లెన్స్‌కే, డబ్బులున్నాయి. 35 ఎఫ్/1.8జీ డీఎక్సా, 50 ఎఫ్/1.8జీనా? ఎవర్నడిగినా 35 అన్నిటికీ పనికొస్తుందంటారు. అన్నిటి సంగతీ నాకొద్దు, ఈ గదికి ఏది సరిపోతుందో చెప్పండి చాలు.

బ్లర్ బాబాయ్:
కళ్లు మూసుకుని 50 తీసుకో బ్రో. నీ కెమెరా మీద 75లా పనిచేస్తుంది, మొహాలకి తిరుగులేదు. వెనకాల గోడంతా కరిగిపోతుంది. రేపు పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌కి మారినా పనికొస్తుంది. 35 డీఎక్స్ నీలాంటి చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసింది, అప్పుడు అమ్ముకోవాల్సిందే.

తెనాలి స్టూడియో:
తమ్ముడూ, రేపు కొనబోయే కెమెరా కోసం ఇవాళ లెన్స్ కొనకు. ముందు ఒక సంగతి చెప్పు. నాన్నగారికి పక్కగా కూర్చుంటే నీ వీపుకీ గోడకీ మధ్య ఎంత జాగా ఉంటుంది?

పక్కగా అని ఎందుకన్నానంటే, ఎదురుగా పడుగు దారాలు పరిచి ఉంటాయి, మధ్యలో ఆ దారాలు దూరే అచ్చు అడ్డం. అక్కణ్ణుంచి తీస్తే మనిషి కన్నా దారాలే ఎక్కువ పడతాయి. కాబట్టి నీకున్నది పక్క జాగానే. ఏడడుగులు ఉందనుకుందాం. డీ5600లో సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఏడడుగుల దూరంలో 35కి దాదాపు నాలుగున్నర అడుగుల వెడల్పు పడుతుంది, 50కి మూడడుగుల పైన కొంచెం. మొహం, రెండు చేతులు, నేసిన గుడ్డ, ఇవన్నీ ఒక్క ఫ్రేమ్‌లో ఉంటేనే అది నేత ఫొటో. 50తో మొహం తీస్తే చెయ్యి తెగుతుంది, చెయ్యి కలుపుకుంటే మొహం పోతుంది. వెనక్కి జరుగుదామంటే గోడ.

నేను ఏళ్ల తరబడి పెళ్లిళ్లు తీశాను. పెళ్లికూతుర్ని చేసే గది ఎప్పుడూ ఇంట్లో అన్నిటికన్నా చిన్నది. మంచం, బీరువా, చుట్టూ పిన్నిలు, అత్తలు. 50 పెట్టుకున్న రోజు బీరువా హ్యాండిల్ నా వీపులో గుచ్చుకునేది, అయినా జడగంటలు ఫ్రేమ్ బయటే. మండపం దగ్గరికొచ్చాక మాత్రం 50ని మించింది లేదు. జాగా ఉంటే అది రాజా.

వెలుతురు విషయంలో రెండూ సమానమే, రెండూ ఎఫ్/1.8. నీ ఐఎస్‌ఓ 6400 కాస్తా 640 దగ్గరికి దిగుతుంది, పోగులు విడివిడిగా కనిపిస్తాయి. రెండింట్లోనూ చేతి వణుకును సరిచేసే వీఆర్ లేదు. చేత్తో పట్టుకుంటే షట్టర్ 35కి 1/50 సెకను చాలు, 50కి 1/80 కావాలి. చీకటి గదిలో ఆ తేడా కూడా లెక్కే.

ఇంకోటి, మనిషి గుంటలో కూర్చుంటాడు, మొహం నీ మోకాళ్ల ఎత్తులో ఉంటుంది. నిలబడి తీస్తే 35తో తల పెద్దదై, కాళ్లు ఎటో పోతాయి. నేల మీద బాసింపట్టు వేసి కూర్చో.

నేతింటి మనవరాలు:
అన్నయ్య గారి లెక్క సరైనదే కానీ కిటికీ సంగతి వదిలేశారు. ఆ పిల్లవాడు కిటికీకి ఎదురు గోడ దగ్గర కూర్చుంటే 35లో కిటికీ కూడా పడుతుంది. కెమెరా ఆ వెలుగు చూసి మోసపోతుంది, నాన్నగారి మొహం నల్లగా వస్తుంది. 50 అయితే కిటికీని సులువుగా తప్పించొచ్చు. పైగా గుమ్మం దగ్గర కూర్చుని తీయొచ్చు, ఆయన ధ్యాస చెదరదు. మా తాతయ్యకైతే దగ్గరికెళ్తే పోగు తెగేది!

50 తీసుకుంటే మాత్రం పాత 1.8డీ తక్కువకి దొరుకుతోందని కొనకండి. డీ5600 బాడీలో మోటార్ లేదు, ఆ లెన్స్‌కి ఆటోఫోకస్ రాదు.

తెనాలి స్టూడియో:
కిటికీ మాట నిజమే అమ్మా. కానీ అది లెన్స్‌తో కాదు, కూర్చునే చోటుతో సరిచేసుకోవాలి. కిటికీకి ఎదురుగా కాకుండా ఒక మూలకు జరిగితే ఆ వెలుగు మొహానికి అడ్డంగా పడుతుంది, చర్మం మీద గీతలు కూడా కనిపిస్తాయి. తప్పనప్పుడు మొహం మీద స్పాట్ మీటరింగ్ పెట్టు, కెమెరా ఆ చోటి వెలుగునే కొలుస్తుంది.

తమ్ముడూ, మా ఇద్దరి మాటా వినకు. కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి జూమ్ రింగ్‌కి టేపు అంటించు. ఒక పూట దాంతోనే తియ్యి. తర్వాత 50 దగ్గర పెట్టి మరో పూట. ఫొటోలు మసగ్గా వచ్చినా ఫర్వాలేదు, ఏం పడుతోందో ఏం తెగుతోందో చూసుకో.

జాండ్రపేట కుర్రాడు:
మొన్న ఊరెళ్లి టేపు పరీక్ష చేశాను. పక్క గోడ దాకా జాగా ఏడడుగులు కూడా లేదు, అక్కడ అమ్మ రాట్నం ఉంది. 35 దగ్గర నాన్న, గుడ్డ, నాడె (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది) లాగే చెయ్యి అన్నీ పడ్డాయి. మగ్గం మొత్తం మాత్రం 35లోనూ పట్టలేదు, దానికి 18 కావాల్సిందే. 50తో గుమ్మం నుంచి అమ్మ కండెలు చుడుతుంటే తీసినవి చాలా బాగున్నాయి, వాటిని చూస్తే మాత్రం మనసు లాగుతోంది. కానీ నాన్న ఫొటోల్లో సగం చేతులు తెగిపోయాయి. 35కే వెళ్తున్నా.

బ్లర్ బాబాయ్:
సరే బ్రో, బ్లర్ తక్కువని తర్వాత అనకు.

తెనాలి స్టూడియో:
దగ్గరికి జరిగి మొహాన్ని అంతే సైజులో తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు రెండింటికీ ఇంచుమించు ఒకటే బాబాయ్. వెనక గోడ 50తో ఇంకొంచెం మెత్తగా కనిపిస్తుంది, అంతే. ఇక్కడ వెనక గోడ మీద వాళ్ల నాన్నగారు లెక్కలు రాసుకున్నారేమో, అవి కనిపిస్తేనే మంచిది.

గదిలో ట్యూబులైటు వేసి తీసేటప్పుడు షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టు, లేకపోతే ఒక్కో ఫొటోకి ఒక్కో రంగు వస్తుంది. నాడె పరుగు కనిపించాలంటే 1/25కి దించి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించు. సెకండ్‌హ్యాండ్‌లో చూస్తే, లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడు. సముద్రం పక్క ఊళ్లలో అది త్వరగా పడుతుంది. ఫిల్టర్ 52 ఎంఎం సైజు అడుగు, నీ కిట్ లెన్స్ ఏఎఫ్-పీ రకం అయితే దానిది 55, అది దీనికి పట్టదు.