అప్‌డేట్: టీ నుంచి కెఫీన్ తీసే ప్రయోగంలో మధ్యలో నిలిచిపోయిన నురగ

టీ డికాక్షన్ నుంచి కెఫీన్‌ని నీళ్లతో కలవని డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలోకి లాగుతుంటే రెండు పొరలూ విడిపోకుండా మధ్యలో గోధుమరంగు నురగ నిలిచిపోతోంది, ఏం చేయాలి అని అడిగాను కదా. విడిపోయింది! సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఉప్పే. సెపరేటింగ్ ఫనెల్‌లో (పొరల్ని విడదీసే, కింద కుళాయి ఉన్న గాజు గరాటు) చిక్కటి ఉప్పునీళ్లు కొంచెం పోసి, కుదపకుండా మెల్లగా తిప్పి, స్టాండుకి పెట్టి వదిలేశాను. టీలోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) డికాక్షన్‌లో కలిపిన సోడియం కార్బొనేట్‌తో లవణాలుగా మారి సబ్బులా పనిచేస్తాయి. గట్టిగా ఊపితే ద్రావణి సన్నటి బొట్లుగా చెదిరి, మళ్లీ ఒకదానితో ఒకటి కలవవు. మా ల్యాబ్ మాన్యువల్‌లో మాత్రం "బాగా కుదపండి" అనే ఉంది! చివర మిగిలిన కాస్త నురగని దూదిలోంచి వడకట్టాను.

ఉప్పు వేస్తే నీళ్లు బరువెక్కి పొరలు తారుమారవుతాయేమో అని ఒకరు అన్నారు. నాకూ అదే టెన్షన్. కానీ ఉప్పు ఇక కరగనంత చిక్కటి నీళ్ల సాంద్రత కూడా 1.2 దగ్గరే ఆగుతుంది, డైక్లోరోమీథేన్‌ది 1.33. కాబట్టి అడుగున ఉండేది అదే. దాని బదులు ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావణి వాడి ఉంటే (సాంద్రత 0.90) పైకి తేలేది. అయినా నమ్మకం కోసం పై పొరలో ఒక చుక్క నీళ్లు వేశాను, ఇట్టే కలిసిపోయింది, అంటే పైనున్నది నీళ్ల పొరే.

అడుగు పొరని సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లని బయటికి లాగేసే అర) ద్రావణిని ఆవిరి చేస్తే లేత ఆకుపచ్చ పొడి వచ్చింది. ఆ రంగు పోవడానికి ఉత్పతనం (వేడిచేసి కరగకుండానే ఆవిరిగా మార్చి, మళ్లీ గట్టిపరచడం) చేయాలి, అది వచ్చే ల్యాబ్‌లో.